పరాయి గడ్డ మీద చక్రం తిప్పడం

సొంత ఊళ్ళో కారు నడిపేవాడికి ఒక అహంకారం వుంటుంది. అది హైదరాబాదు అయితే ఇక చెప్పనే అక్కరలేదు. గేదె అడ్డం వచ్చినా, పెళ్ళి ఊరేగింపు ఎదురొచ్చినా, ఆటో అడుగు సందులోంచి దూరినా చెక్కు చెదరకుండా ఇల్లు చేరినవాడు, ప్రపంచంలో ఏ మూలనైనా బండి నడిపేయగలనని అనుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఇరవై ఏళ్ళు అనుకున్నాను. 2018 అక్టోబరులో ఒక సోమవారం ఉదయం జర్మనీలో ఆ అనుకోవడం వదిలింది.

పని చిన్నదే. మా కంపెనీవారు ఒక యంత్రం కొందామనుకున్నారు. కొనేముందు చూసి రమ్మని ఇద్దర్ని పంపారు. అందులో నేనొకణ్ణి, డిగ్రీ వున్నవాణ్ణి. రెండో ఆయన మా షాపులో ఫోర్‌మన్, యంత్రం తెలిసినవారు. లేతు తిరిగే చప్పుడు విని లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పగలరు. పదవీ విరమణకు మరో రెండేళ్ళే వుంది. ఊరు రాజమండ్రి. హోదాలో నేను పైవాణ్ణి కాబట్టి ఆయన నన్ను "సారూ" అంటారు. పని నేర్పింది ఆయనే కాబట్టి నేను ఆయన్ని "గురువుగారూ" అంటాను. ఈ లెక్క మా ఇద్దరికీ సరిపోయింది.

మేము వెళ్ళవలసిన ఫ్యాక్టరీ స్టుట్‌గార్ట్‌కు అవతల ఒక పల్లెలో వుంది. రైలు దిగి రెండు బస్సులు మారాలి. "కారు అద్దెకు తీసుకుంటే సరి" అన్నాను నేను. ఇక్కడ ఆర్.టి.ఓ. ఆఫీసులో ఫీజు కట్టి, ఏడాది చెల్లే అంతర్జాతీయ పర్మిట్టు పుచ్చుకున్నాను. అచ్చంగా చిన్న పుస్తకంలా వుంటుంది. దాన్ని మా ఆవిడకు చూపించి, ప్రపంచమంతా నాకు దారి వదిలినట్టు ఫోజు పెట్టాను.

"కారు మీరే నడుపుతారా సారూ?" అని అడిగారు గురువుగారు విమానంలో.

"ఇంకెవరు నడుపుతారండీ?"

"అబ్బే, ఊరికే అడిగాను" అని ఆయన కళ్ళు మూసుకున్నారు.

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో కారు తాళాలు ఇచ్చారు. ఠీవిగా వెళ్ళి తలుపు తీసి కూర్చున్నాను. ఎదురుగా స్టీరింగు లేదు. పక్కన, ఎడమవైపు సీట్లో గురువుగారి ముందర వుంది. ఆయన రెండు చేతులూ వొళ్ళో పెట్టుకుని, "నన్ను నడపమంటారా?" అన్నారు. ఇద్దరం దిగి, కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, సీట్లు మార్చుకున్నాం.

తరవాత చెయ్యి మాట వినలేదు. గేరు వేద్దామని ఎడమ చెయ్యి జాపితే తలుపుకు కొట్టుకుంది. మలుపు తిరగడానికి సిగ్నలు వేద్దామని కుడిచేతి పక్కనున్న పుల్ల లాగితే అద్దం మీద వైపరు ఆడింది. అక్కడి బళ్ళలో సిగ్నలు పుల్ల ఎడమవైపు వుంటుంది. ఆ ఉదయం ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ప్రతి మలుపు దగ్గరా మా వైపరు మాత్రం ఠంచనుగా ఆడింది. "వాన వచ్చినప్పుడు సిగ్నలు వేద్దురుగాని లెండి" అన్నారు గురువుగారు.

విమానాశ్రయం దాటగానే ఆటోబాను అందుకున్నాం. మనం ఎక్స్‌ప్రెస్ రోడ్డు అంటామే, అదన్నమాట. ఇలాంటి రోడ్లు హిట్లరు పుణ్యమే అని మనలో చాలామంది అనుకుంటారు. కాని కొలోన్, బాన్ నగరాల మధ్య మొదటి రోడ్డు ఆయన గద్దె ఎక్కకముందే, 1932 ఆగస్టులోనే మొదలయింది. ప్రారంభించినవాడు అప్పటి కొలోన్ మేయరు కాన్రాడ్ అడెనావర్. యుద్ధం తరవాత 1949లో పశ్చిమ జర్మనీకి మొదటి ఛాన్స్‌లర్ అయినదీ ఆయనే. మేము పోతున్న ఫ్రాంక్‌ఫర్ట్, డార్మ్‌స్టాట్ రోడ్డు 1935లో తెరిచారు. దాని మీదే 1938 జనవరి 28న ఇద్దరు పందెగాళ్ళు వేగంలో పోటీపడ్డారు. కరాచియోలా అనే ఆయన గంటకు 432 కిలోమీటర్లు దాటించాడు. ఆ రికార్డు కొట్టబోయిన రోజ్‌మయర్, పక్కగాలి తాకి కారు అదుపు తప్పి, అదే పూట ప్రాణం వదిలాడు. వయసు 28.

ఈ సంగతి నేను చెప్తూంటే గురువుగారు ముందుకు వంగి మా కారు వేగం చూశారు. 95. "ఇది చాలు సారూ" అన్నారు.

ఆ రోడ్డు మీద బోర్డు పెట్టని చోట వేగానికి హద్దు లేదు. 130 దాటకపోవడం మంచిదని సలహా మాత్రం వుంది. 1973లో చమురు కరువు వచ్చినప్పుడు కొన్ని నెలలపాటు 100కు కట్టేశారు, తరవాత ఎత్తేశారు. అయితే హద్దు లేదంటే క్రమం లేదని కాదు. నడిచేవాడు కుడి పట్టునే నడవాలి. దాటేవాడు ఎడమనుంచే దాటాలి. దాటాక మళ్ళీ కుడికి రావాలి. కుడినుంచి దాటడం తప్పు. దారిలో పెట్రోలు అయిపోయి బండి ఆగినా తప్పే. బయల్దేరేముందు చూసుకోవద్దా అంటారు. మన దగ్గర అది దురదృష్టం. అక్కడ అది నేరం.

హైడల్‌బర్గ్ దాటాక వీస్లోహ్ అని బోర్డు కనిపించింది. నాకు పాత చదువు గుర్తొచ్చింది. "గురువుగారూ, ప్రపంచంలో మొట్టమొదటి పెట్రోలు బంకు ఈ ఊళ్ళోనే. అది ఒక మందుల కొట్టు" అన్నాను.

కార్ల్ బెంజ్ 1886లో తన మోటారు బండికి పేటెంటు పుచ్చుకున్నాడు. కాని దాన్ని నమ్మి కొనేవాడు లేడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. అంత దూరం మోటారు బండి మీద అంతకు ముందు ఎవరూ పోలేదు. ఇంధనం అయిపోతే వీస్లోహ్‌లో మందుల కొట్టుకు వెళ్ళి, మరకలు పోగొట్టడానికి వాడే లిగ్రోయిన్ అనే నూనె కొన్నది. గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచింది. తీగె మీద తొడుగు పోతే కాలి మేజోడు పట్టీ చుట్టింది. చెక్క బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఎత్తు వచ్చినచోట కొడుకులు దిగి నెట్టారు.

అంతా విని గురువుగారు, "అయితే అసలు ఫోర్‌మన్ ఆవిడేనన్నమాట" అన్నారు. కాసేపాగి, "మొగుడికి చెప్పకుండా వెళ్ళి మంచిపని చేసింది. చెప్తే డ్రాయింగు పూర్తికానీ అనేవాడు" అన్నారు. ఆ దెబ్బ నాకే తగిలింది. నవ్వి వూరుకున్నాను.

ఇక్కడిదాకా బాగానే జరిగింది. చెయ్యి అలవాటు పడింది, వైపరు మానింది. ధైర్యం వచ్చింది. ప్రమాదం మొదలయ్యేది ఇక్కడేనని నాకు అప్పుడు తెలియదు.

గురువుగారు ఇంటినుంచి పులిహోర పొట్లం తెచ్చారు. కారులో కూర్చుని పులిహోర తినడం ఆయనకు కిట్టదు. చెట్టు కింద కూర్చోవాలన్నారు. సరే, ఆటోబాను దిగి, ఒక పల్లె దాటి, పొలాల మధ్య చిన్న రోడ్డు పక్కన ఆపాం. ఆపిల్ చెట్లున్నాయి. కింద రాలిన కాయలున్నాయి. వాటిని మేము ముట్టుకోలేదు. అదీ నేరమేమోనని భయం. పులిహోర తిన్నాం. చేతులు కడుక్కున్నాం. ఇంగువ వాసన జర్మనీ గాలిలో కాసేపు నిలిచింది.

కారు ఎక్కాను. రోడ్డు మీద పురుగు లేదు. హాయిగా బయల్దేరాను. పులిహోర మీద కబుర్లు చెప్పుకుంటూ అర కిలోమీటరు పోయి వుంటాం. ముందు మలుపు వుంది.

"కుడికి! కుడికి రా నాయనా!"

గురువుగారి గొంతు అలా ఎప్పుడూ వినలేదు. మలుపులోంచి ఒక ట్రాక్టరు, వెనక నిండు ట్రాలీతో, తిన్నగా మా మీదికి వస్తోంది. వాడు తప్పుదారిన వస్తున్నాడని నా బుద్ధి చెప్పింది. వాడు వస్తున్నది వాడి దారినే. నేను ఎడమపక్కన వున్నాను, బాలానగర్ రోడ్డు మీద వున్నట్టు.

చక్రం కుడికి కొట్టాను. కారు గడ్డిలోకి దిగి ఆగింది. ట్రాక్టరు కూడా ఆగింది. మధ్యన మూరెడు దూరం వుందో లేదో. తోలే ఆయన ముసలాయన. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నావంక చూసి, చేత్తో రోడ్డుకు అవతలి పక్క చూపించాడు. పిల్లవాడికి చూపించినట్టు రెండుసార్లు చూపించి, బండి కదిలించుకుని వెళ్ళిపోయాడు.

నేను ఇంజను ఆపేశాను. మోకాళ్ళు వణికాయి. గురువుగారు కూడా చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మంచినీళ్ళు తాగండి" అని సీసా అందించారు.

తరవాత ఆలోచిస్తే అర్థమయింది. బళ్ళు కిటకిటలాడే రోడ్డు మీద ఈ తప్పు జరగదు. ముందు పోయే బండి వెనకే పోతాం. నలుగురూ నడిచే పక్కనే నడుస్తాం. రోడ్డు ఖాళీగా వున్నప్పుడు చూసి నడవడానికి ఎవరూ లేరు. అప్పుడు లోపలున్న పాత అలవాటు లేచి చక్రం పట్టుకుంటుంది. కూడలి మలుపు తిరిగినప్పుడూ, ఆగి మళ్ళీ బయల్దేరినప్పుడూ, ముఖ్యంగా మనసు ఇంటిమీదికి పోయినప్పుడూ అది లేస్తుంది. పులిహోర తిన్నవాడి మనసు ఇంటిమీద కాక ఎక్కడుంటుంది?

స్వీడన్ దేశం మొత్తం 1967 సెప్టెంబరు 3న, తెల్లవారుజామున అయిదింటికి, ఎడమనుంచి కుడికి మారింది. దానికి ముందు ఏళ్ళ తరబడి ఏర్పాట్లు చేసుకున్నారు. మొత్తం దేశానికి అంత సన్నాహం కావలసి వచ్చిన పనిని నేను ఒక పర్మిట్టు పుస్తకం జేబులో వేసుకుని చేసేద్దామనుకున్నాను.

"ఒక పని చేద్దాం సారూ" అన్నారు గురువుగారు. "బండి కదిలినప్పుడల్లా నేను 'కుడి' అంటాను. మీరూ 'కుడి' అనాలి. అంటేనే కదలాలి. షాపులో క్రేను ఎత్తేముందు కేకేసి, బదులు వచ్చాక ఎత్తమూ? అలాగే."

అహంకారం అంతా ఆ గడ్డిలోనే పోయింది కాబట్టి సరేనన్నాను.

"కుడి."

"కుడి."

మళ్ళీ పెద్ద రోడ్డెక్కి హైల్‌బ్రాన్ వైపు సాగాం. ఆ రోడ్డు నిండా లారీలు. ఆదివారం ఆ దేశంలో లారీలు తిరగకూడదు. ఆ నిలువంతా సోమవారం రోడ్డెక్కుతుంది. కొంతదూరం పోయాక ముందు బళ్ళు నెమ్మదించాయి. ఇంకా నెమ్మదించాయి. పూర్తిగా ఆగకముందే ఒక విచిత్రం జరిగింది. ఎడమ వరసలో వున్న కార్లన్నీ ఎడమ అంచుకు ఒరిగాయి. మిగతావన్నీ కుడికి ఒరిగాయి. పాపిట తీసినట్టు నడిమధ్యన ఒక దారి తెరుచుకుంది, కనుచూపుమేర. ఎవరూ హారన్ కొట్టలేదు. పోలీసు లేడు. సైరను లేదు.

ఎదురుగా ఖాళీ దారి. నాలో హైదరాబాదు లేచింది. ఇంత మంది ఇంత తెలివితక్కువగా ఎందుకు నిలబడ్డారు? కారు ముక్కు మెల్లిగా అటు తిప్పాను.

గురువుగారు నా చేతిమీద చెయ్యి వేశారు. "ఆగండి. ఇంతమంది వదిలారంటే, అది ఎవరికోసమో వదిలారు."

ముక్కు వెనక్కి తిప్పి కుడికి ఒరిగాను. అయిదు నిమిషాలు గడిచాయి. ఆ దారి అలాగే ఖాళీగా వుంది. తరవాత వెనకనుంచి సైరను వినిపించింది. పోలీసు కారు, దాని వెనక ఆంబులెన్సు, దాని వెనక అగ్నిమాపక బండి, ఒక్కచోటా ఆగకుండా మా పక్కనుంచి దూసుకుపోయాయి. అవి పోయాక దారి మూసుకుంటుందనుకున్నాను. మూసుకోలేదు. ఇంకో ఆంబులెన్సు రావచ్చుగా! కాసేపటికి వచ్చింది కూడా.

అది అక్కడి చట్టం. బళ్ళు నడక వేగానికి తగ్గగానే దారి వదలాలి. సైరను వినిపించాక కాదు. వదలనివాడికి 2017 నుంచి కనీసం 200 యూరోల జుల్మానా. కాని ఆ రోజు మా చుట్టూ వున్నవాళ్ళ మొహాల్లో జుల్మానా భయం కనిపించలేదు. అన్నం తినేముందు చెయ్యి కడుక్కున్నట్టు కడిగేశారు, అంతే.

గురువుగారు కిటికీలోంచి చూస్తూ వున్నారు. చాలాసేపటికి అన్నారు: "2010లో మా అన్నయ్యను కూకట్‌పల్లి నుంచి పంజాగుట్ట వైపు తీసుకొచ్చాను, ఇలాంటి బండిలోనే. గుండెనొప్పి. నేను లోపల కూర్చున్నాను. నలభై నిమిషాలు. సైరను మోగుతూనే వుంది. కిటికీలోంచి పక్కబళ్ళ వాళ్ళ మొహాలు కనిపించేవి. చెడ్డవాళ్ళు కారు సారూ. మనలాంటి వాళ్ళే. ఎటు జరగాలో తెలియక నిలబడ్డవాళ్ళు కొందరు. మనం కాస్త దారి చేసుకుంటే ఆ సందులో దూరేవాళ్ళు కొందరు. మా వెనకే తోకలా అంటుకుని వచ్చినవాళ్ళు కొందరు, తొందరగా ఇల్లు చేరొచ్చని."

"మరి అన్నయ్యగారు...?"

"పోయాడు. ముందే చేరివుంటే బతికేవాడో లేదో ఎవరు చెప్తారు? డాక్టరు కూడా చెప్పలేదు. కాని ఆ మొహాలు మరిచిపోలేను."

నేను బదులు చెప్పలేకపోయాను. దానికి కారణం వుంది. ఒక సాయంత్రం బేగంపేటలో రద్దీలో చిక్కుకుని, పక్కనుంచి పోతున్న ఆంబులెన్సు వెనక నేను కూడా తోకలా అంటుకున్నాను. గంట దారి పావుగంటలో చేరాను. ఇంటికొచ్చి మా ఆవిడతో ఆ తెలివి గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. ఆ బండిలో ఎవరున్నారో, పక్కన ఎవరు కూర్చుని కిటికీలోంచి నన్ను చూశారో ఆనాడు తోచలేదు. ఈ మాట గురువుగారికి ఇంతవరకూ చెప్పలేదు. ఈ పత్రిక ఆయన ప్రతివారం చదువుతారు. ఇప్పుడు తెలుస్తుంది.

మూడింటికి ఫ్యాక్టరీ చేరాం. దారి ఎలా వుందని అక్కడివాళ్ళు అడిగారు. గురువుగారు తనకు వచ్చిన ఇంగ్లీషులో, "వెరీ గుడ్ రోడ్, వెరీ గుడ్ డ్రైవర్" అన్నారు. ట్రాక్టరు సంగతి చెప్పలేదు. మా ఆవిడకూ చెప్పలేదు. ఆ పని నేనే చేశాను, మూడు నెలల తరవాత.

మా దేశంలోనూ చట్టం లేకపోలేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, ఆంబులెన్సుకు దారి ఇవ్వనివాడికి 10,000 రూపాయల జుల్మానా గాని, ఆరు నెలలవరకు జైలు గాని, రెండూ గాని అని రాసుకున్నాం. 2005 ఆగస్టు 15న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 108 బండ్లు మొదలైనప్పుడు, ఫోను చేస్తే బండి ఇంటికి వస్తుందని ఆశ్చర్యపోయాం. బండి తెచ్చుకున్నాం, చట్టమూ తెచ్చుకున్నాం. రెండింటికీ మధ్య కావలసింది మూడడుగులు పక్కకు జరగడం. దాన్ని ఏ దేశంనుంచీ దిగుమతి చేసుకోనక్కరలేదు.

తిరిగి వచ్చాక ఒకనాడు అమీర్‌పేట దగ్గర వెనకనుంచి సైరను వినిపించింది. ఇంకా దూరంగానే వుంది. నేను కారు ఎడమ అంచుకు పూర్తిగా జరిపాను. వెనకవాడు హారన్ మోగించాడు. మోగించనీ అనుకుని చెయ్యి బయటపెట్టి సైగ చేశాను. ముందున్న ఆటో అతను అద్దంలో చూసి, తనూ పక్కకు జరిపాడు. వాడి ముందు ఇంకొకడు జరిపాడు. ఆ పైన బస్సు అడ్డంగా నిలబడి వుంది. బండి మమ్మల్ని దాటి బస్సుదాకా పోయి ఆగింది. అయినా నాలుగు బళ్ళ మేర దారి దొరికింది. నాలుగు బళ్ళ మేరే కావచ్చు. ఆ లోపల కూర్చున్నవాడికి అదీ లెక్కే.

గురువుగారు పదవీ విరమణ చేసి ఇప్పుడు రాజమండ్రిలో వుంటున్నారు. అప్పుడప్పుడు ఫోను చేస్తారు. క్షేమ సమాచారాలు అయ్యాక, పెట్టేసే ముందు తప్పకుండా అడుగుతారు:

"సారూ, కుడేనా?"

"కాదండీ, ఇక్కడ ఎడమే" అంటాను.

"అదీ! ఎక్కడున్నామో గుర్తుంటే చాలు" అని పెట్టేస్తారు.